సాక్షి సంతకం

మా నాన్న ఎవరో నాకు నలభై రెండేళ్లు వచ్చేదాకా తెలియదు. తెలిసిన వాళ్లు మా ఊళ్లో చాలామందే ఉండేవారు. తెలియనిది నాకూ, కాగితాలకూ మాత్రమే.

1957లో నన్ను బడిలో వేయడానికి అమ్మమ్మ తీసుకెళ్లింది. తండ్రి పేరేమిటని హెడ్మాస్టరు అడిగారు. అమ్మమ్మ తడుముకోకుండా మా మామయ్య పేరు చెప్పింది. మా ఇంటి సంగతి ఆయనకూ తెలుసు. తల ఎత్తకుండా రాసుకున్నారు. ఆ పేరే నా ఎస్సెస్సెల్సీ పుస్తకంలోకి, అక్కణ్ణుంచి పట్టాల్లోకి, ఉద్యోగంలో చేరాక సర్వీసు రిజిస్టరులోకి నడిచి వచ్చింది. ఫిడేలు వాయించుకుంటూ, నాకు ఫీజులు కట్టిన మామయ్య ఆ పేరుకు అన్ని విధాలా అర్హుడే. కాకపోతే కాగితాల లెక్కన మా అమ్మ తన సొంత అన్నకు భార్య అయింది. ఈ మాట ఒకసారి నవ్వుతూ అన్నాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మాది గోదావరి ఒడ్డున ఒక కళావంతుల కుటుంబం. బల్లిపాడు, మురమండ, మండపేట, పెద్దాపురం - ఇలా రెండు గోదావరి జిల్లాల్లోనూ మావాళ్ల ఇళ్లుండేవి. గుళ్లో సేవ, పెళ్లిళ్లలో మేజువాణి, జమీందార్ల కచేరీల్లో పదాలూ జావళీలూ. అమ్మమ్మకు చిన్నతనంలోనే గజ్జె కట్టారు. ఆమెకు పెళ్లి లేదు. ఇల్లు ఉంది. ఆ ఇల్లు వాళ్లమ్మది, అంతకుముందు వాళ్ల అమ్మమ్మది. ఇంటిపేరు అన్న తెలుగు మాటకు అసలు అర్థం మా ఇంట్లోనే సరిగ్గా సరిపోయిందని నాకనిపిస్తుంది. ఇల్లు ఎవరిదో పేరు వాళ్లది. మిగతా తెలుగు ఆడవాళ్లకు ఇంటిపేరు అంటే మొదట నాన్నగారి ఇంటి పేరు, తర్వాత అత్తగారింటి పేరు. ఏ ఇల్లూ వాళ్లది కాదు.

ఇందులో మురిసిపోవడానికేమీ లేదు. ఆ ఇల్లు నిలబడ్డది మగవాళ్ల డబ్బుతో. ఏ కూతురికి గజ్జె కట్టాలో, ఎవరికి కన్నెరికం జరిపించాలో పెద్దవాళ్లు నిర్ణయించేవారు. పిల్లను అడిగిన వాళ్లు లేరు. మావాళ్ల కళను మాత్రమే చూసి ఆ వ్యవస్థ గొప్పదనే వాళ్ల దగ్గరా, మావాళ్లను రోగంలా చూసి నిర్మూలించాలన్న వాళ్ల దగ్గరా నాకు ఒకేలా ఊపిరాడదు.

సంస్కరణ మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. వీరేశలింగంగారు రాజమండ్రిలో వేశ్యా వ్యతిరేకోద్యమం నడిపారు. 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి దేవదాసీ విధానం రద్దు కోసం తీర్మానం తెచ్చారు. 1929లో వచ్చిన చట్టం దేవదాసీల ఇనాం భూములను గుడి సేవ నుంచి విడదీసింది. 1947లో మద్రాసు దేవదాసీల చట్టం ఆడపిల్లలను దేవుడికి అంకితం చేయడాన్ని నిషేధించింది. ఆ చట్టం బోగం, కళావంతుల, సాని అని మా కులాలను పేరుపేరునా పిలిచి మరీ చెప్పింది. ఆంధ్ర రాష్ట్రం 1956లో సవరణ చేసి పెళ్లిళ్లలాంటి వేడుకల్లో మేళాలను కూడా ఆపించింది.

1947లో అమ్మకు పదిహేనేళ్లు. అమ్మకు గజ్జె కట్టలేదు. పెళ్లీ జరగలేదు, ఎందుకంటే ఆ పెళ్లి చెల్లుతుందని చట్టం చెప్పింది గాని చేసుకుంటామని ఎవరూ రాలేదు. ఆట పోయింది, పాట పోయింది, మేజువాణి డబ్బు పోయింది. మిగిలింది ఒక్కటే - పట్నం నుంచి రాత్రిపూట వచ్చే పెద్దమనిషి. చట్టం ఆయన జోలికి పోలేదు.

నేను 1952లో పుట్టాను. నాకు మూడేళ్లప్పుడు ఆయన రావడం మానేశారట. నాకు గుర్తున్నదల్లా అరుగు మీద ఆనించిన గొడుగు. అది ఆయనదో కాదో కూడా తెలియదు.

చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు అడిగాను. "దేవుడు" అంది అమ్మమ్మ. "నీకేం తక్కువైంది?" అంది అమ్మ. నిజంగానే తక్కువ కాలేదు. అమ్మ ఇంట్లో హార్మోనియం నేర్పింది, తర్వాత మిషను కుట్టింది, నన్ను ఎం.ఏ. దాకా చదివించింది. చరిత్ర అధ్యాపకురాలినయ్యాక కూడా నా సొంత చరిత్రలో ఒక గడి ఖాళీగా ఉందన్న సంగతిని దాటేసుకుంటూ తిరిగాను.

తండ్రిని వెతుక్కునే కథ అనగానే అందరూ ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముడిని తలుచుకుంటారు. కాలేజీలో నేనూ ఆ కథ చెప్పేదాన్ని. గురువు దగ్గరకు వెళ్లాలి, నా గోత్రమేమిటని తల్లిని అడుగుతాడు. ఇళ్లల్లో పనులు చేసుకుంటూ తిరిగిన రోజుల్లో నిన్ను కన్నాను, గోత్రం తెలియదు, నువ్వు జాబాల కొడుకు సత్యకాముడివి అని చెప్పుకో అంటుంది ఆమె. కుర్రాడు అదే గౌతముడికి చెబుతాడు. ఇంత నిజం చెప్పినవాడు బ్రాహ్మణుడే అయివుంటాడని గౌతముడు చేర్చుకుంటాడు. ఒకరోజు పాఠం మధ్యలో వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, నిజం చెప్పింది వాళ్లమ్మ కదా, మార్కులు వాళ్ల నాన్నకెందుకు పడ్డాయి?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేను ఆ రోజు పాఠం ముందుకు తీసుకెళ్లలేకపోయాను. జాబాల చెప్పిన నిజాన్ని కనబడని తండ్రి కులం ఖాతాలో జమ చేశారన్నది అన్నేళ్లుగా ఆ కథ చెబుతున్న నాకు తట్టలేదు. ఇంకొకటి కూడా తట్టింది. సత్యకాముడికి చెల్లెలు ఉండి, ఆ పిల్లా అడిగివుంటే? ఆమెను పంపడానికి గురుకులం లేదు కాబట్టి ఆమె ప్రశ్న ఏ ఉపనిషత్తులోకీ ఎక్కదు.

1994లో దేవదాసీ సంస్కరణల మీద వ్యాసం రాయడానికి మద్రాసు వెళ్లి, ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో రెండు వారాలు కూర్చున్నాను. శాసనమండలి చర్చలు చదివాను. మావాళ్ల ఒళ్లు, మావాళ్ల రోగాలు, మావాళ్ల పెంపుడు కూతుళ్లు - అన్నిటి మీదా పుటలకొద్దీ మాటలు. ఇనాం రిజిస్టర్లు తీశాను. ఇనాం కమిషన్ 1858 తర్వాత భూమి ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, మొదటివారికి వీరేమవుతారు అని గడులు గీసి రాయించింది. మా ఊరి పుటలో ఆ చివరి గడిలో కూతురు, కూతురి కూతురు, పెంచుకున్న కూతురు. అమ్మమ్మ అప్పుడప్పుడు చెప్పే ఒక పేరు అక్కడ కనబడి కళ్లు చెమ్మగిల్లాయి. మామూలుగా ఆడవాళ్లు చరిత్ర పత్రాల్లో కనబడరని మనం వాపోతాం. మా సంగతి తిరగబడింది. మా ఆడవాళ్లు పత్రాల నిండా ఉన్నారు. వాళ్ల దగ్గరకు వచ్చిన మగవాళ్లే ఎక్కడా లేరు.

అప్పుడు నాకర్థమైంది. మా నాన్న పేరు పోయిన పేరు కాదు. జాగ్రత్తగా కాగితం మీదికి రాకుండా కాపాడిన పేరు. కాపాడాలంటే ఎక్కడో ఒకచోట జారి ఉంటుంది కూడా.

మా ఇల్లు అమ్మ పేర ఉంది. అసలు దస్తావేజు అమ్మ బీరువాలో ఉండేది, తాళం బొడ్లో ఉండేది. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాను. పేర్ల ఇండెక్సులో రాసిచ్చినవాళ్లూ రాయించుకున్నవాళ్లూ ఉంటారు. అమ్మ పేరు 1951లో దొరికింది. ఒక వ్యాపారి దగ్గర పద్దెనిమిది వందల రూపాయలకు కొన్నట్టు ఉంది. అమ్మ పేరు ముందు ఫలానా ఆమె కుమార్తె అని అమ్మమ్మ పేరు. డబ్బు ఎవరిచ్చారో లేదు. చివర ఇద్దరు సాక్షులు. మొదటి పేరు మా వీధి చివరి కిరాణా కొట్టు ఆయనది. రెండోది పట్నం ప్లీడరుది. దస్తావేజంతా తెలుగులో ఉంటే ఆ ఒక్క సంతకం ఇంగ్లీషులో పెట్టారు. నకలు ఎత్తిన గుమాస్తా దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే దించాడు.

సాక్షుల పేర్లు ఇండెక్సులోకి ఎక్కవు. ఆయన పేరు ముందే తెలిసి వెతికినా ఆయన దొరకడు. అమ్మ పేరు పట్టుకుని వెళితేనే దొరుకుతాడు.

ఆ నకలు పట్టుకుని ఇంటికి వచ్చాను. అమ్మ చేటలో బియ్యం పోసుకుని ఏరుతోంది. ఎదురుగా కూర్చుని చదివాను. మొదటి సాక్షి పేరు చదివితే ఏరుతూనే ఉంది. రెండో పేరు దగ్గర చెయ్యి ఆగింది.

"వెతికి పట్టుకున్నావు. చదువుకున్నదానివి" అంది. కాసేపాగి, "ఆ పేరు ఇప్పుడెక్కడ పెట్టుకుంటావు?" అంది.

ఆ రాత్రి చెప్పింది. ఇల్లు రాయించిన రోజు ఆయన అమ్మమ్మ దగ్గర మాట తీసుకున్నారట, పేరు బయటికి రాకూడదని. "ఇల్లు నాది, పేరు ఆయనది. ఎవరిది వాళ్ల దగ్గరుంది. నువ్వెందుకు కదుపుతావు?" అంది అమ్మ. నాకు కోపమొచ్చింది. బేరంలో నా పేరు ఎందుకు పెట్టారని అరిచాను. "అప్పటికి నువ్వు లేవు" అంది. నిజమే, ఇల్లు కొన్నది నేను పుట్టడానికి ముందు. ఉన్నదాన్ని కాదు కాబట్టి నాకు వాటా లేదు.

ఆయన 1971లోనే పోయారని తెలిసింది. అయినా వెళ్లాను. జిల్లాలోని పాత ప్లీడర్ల మీద, స్వాతంత్ర్యోద్యమం మీద పరిశోధన చేస్తున్నానని అబద్ధం చెప్పాను. చరిత్ర చదువుకున్నదాన్నని ధైర్యంగా చెప్పుకునే నేను ఆ గుమ్మంలో చెప్పిన మొదటి మాటే అబద్ధం.

కొడుకు ఇంట్లో లేడు. యాభై ఎనిమిదేళ్ల ఆవిడ తలుపు తీసింది. ఆయన పెద్ద కూతురు. నన్ను ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసిందట. వెనక గదిలో ఉంటోంది. ఆ గదిలో ట్రంకు పెట్టె నిండా తండ్రిగారి కాగితాలు. అన్నదమ్ములు పాతసామాను వాడికి వేద్దామంటే తనే ఆపిందట. నాకోసం ఒక్కొక్కటే తీసి చూపించింది. తను చాలా బాగా చదివేదట. ఎనిమిదో తరగతితో మాన్పించారు. 1952లో, నేను పుట్టిన ఏడే, పెళ్లి చేశారు. "ప్లీడరుగారి అమ్మాయిని, నాకే చదువు లేదమ్మా" అని నవ్వింది.

ఆ పెట్టెలో ఆయన జమాఖర్చు పుస్తకాలున్నాయి. చక్కటి అక్షరాలు. పాలు, బియ్యం, బండి, పంతులు. ప్రతి నెలా మొదటి వారంలో ఒక పద్దు: సంగీతం, 40. 1951 నుంచి 1955 మధ్య దాకా ఉంది. ఆ తర్వాత లేదు.

"ఇదేమిటో మా అమ్మకూ అంతుపట్టలేదు" అంది ఆవిడ, నా వేలు అక్కడ ఆగడం చూసి. "మా ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు."

నేనేమీ అనలేదు. వచ్చేముందు ఆవిడ అడిగింది, "మీ నాన్నగారు ఏం చేసేవారమ్మా?" అని.

"ఫిడేలు వాయించేవారండీ" అన్నాను.

"సంగీతం ఇల్లు. అదృష్టవంతులు" అంది.

బస్సులో తిరిగి వస్తూ నేను ఏడవలేదు. లెక్క వేసుకున్నాను. నాకు లేనిది ఆమెకుంది - ఆయన పేరు. ఆ పేరు ఆమెకు ఏమిచ్చింది? ఆ ఇంటిపేరు పదహారేళ్లే నిలిచింది, పెళ్లితో మారిపోయింది. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమలైంది గాని, అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. వాళ్లకు కూడా వాటా వచ్చింది 2005లో కేంద్రం చట్టం మార్చాకే. నేను వెళ్లిన నాటికి తండ్రి ఇంట్లో ఆమెకున్నది ఒక వెనక గది, దాంట్లో తండ్రి కాగితాలు. నాకు తండ్రి పేరు లేదు గాని చదువూ, అమ్మ ఇల్లూ ఉన్నాయి. ఇలా రాస్తుంటే మా అమ్మదే పైచేయి అన్నట్టు వినిపిస్తుంది. కాదు. ఇద్దరు ఆడవాళ్లకూ వాటాలు పంచింది ఆయనే. ఒకరికి పేరు, ఒకరికి ఇల్లు. రెండూ ఒకరికే దక్కకుండా పంచడంలోనే ఆ ఏర్పాటంతా ఉంది.

చట్టమూ అదే చేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం పెళ్లి వెలుపల పుట్టిన పిల్లలకు తల్లితోనే చుట్టరికం ఉందంటుంది. తండ్రి ఆస్తికి వాళ్లు ఏమీ కారు. అదే ఏడాది వచ్చిన మనోవర్తి చట్టం మాత్రం మైనారిటీ తీరేదాకా తండ్రి పోషించాలంటుంది. అంటే అన్నం బాకీ ఉంది, బంధుత్వం లేదు. నెలకు నలభై రూపాయలన్నమాట. దాన్ని ఏ పద్దు కింద రాసుకోవాలో మా నాన్నగారికి చట్టం రాకముందే తెలుసు.

తండ్రి ఎవరో తేల్చే పరీక్షను అప్పట్లో మా హైదరాబాదులోనే, సీసీఎంబీలో చేసేవారు. 1980ల చివర కేరళలోని తలశ్శేరి కోర్టులో ఒక తల్లి, తన బిడ్డకు తండ్రి ఫలానా అని చెబితే ఆ మనిషి కాదన్నాడు. సీసీఎంబీ చేసిన డీఎన్ఏ పరీక్ష ఆమె మాటే నిజమని తేల్చింది. పిల్లల తండ్రి ఎవరన్న తగాదాలో మన కోర్టులు ఆ పరీక్షను ఆధారంగా తీసుకోవడం అదే మొదలు. ఆ వార్త చదివినప్పుడు నేను సంతోషించాను. తర్వాత ఆలోచిస్తే, తల్లి చెప్పిన మాట అప్పటిదాకా ఎందుకు చాల్లేదన్నది మిగిలింది. ఈ దేశంలో పిల్లల తండ్రి ఎవరో తల్లి కన్నా బాగా ఎవరికి తెలుసు? జాబాల నుంచి మా అమ్మ దాకా వాళ్లు చెప్పేదానికి ఇంకొకరి ముద్ర పడాల్సిందే. గౌతముడిది గాని, ప్రయోగశాలది గాని.

ముత్తులక్ష్మీరెడ్డినీ, బెంగుళూరు నాగరత్నమ్మనూ ఈ మధ్య మళ్లీ చదువుతున్నాను. ఇద్దరి తల్లులూ దేవదాసీ కుటుంబాలవాళ్లే. ముత్తులక్ష్మి తండ్రి కాలేజీ ప్రిన్సిపాలు. కూతురిని దగ్గరుంచుకుని చదివించాడు. నాగరత్నమ్మ తండ్రి ఒక వకీలు. తల్లీబిడ్డల్ని వదిలేశాడు. ఒకరు దేవదాసీ విధానాన్ని రద్దు చేయాలని పోరాడారు. ఇంకొకరు మమ్మల్ని వేశ్యలనకండి, మా బతుకూ మా విద్యా లాక్కోకండి అని ప్రభుత్వానికి విన్నవించుకున్న దేవదాసీల్లో ముందున్నారు. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910లో మళ్లీ అచ్చువేయించి, దాన్ని అశ్లీలమన్న వీరేశలింగంగారిని నిలదీసిందీ నాగరత్నమ్మే. మరుసటేడు సర్కారు ఆ పుస్తకాన్ని నిషేధించింది. తండ్రి దగ్గరుండటం, లేకపోవడమే వాళ్లను అటూ ఇటూ నిలబెట్టిందని నేననను. అంత తేలిక కాదు. కాని ఇద్దరిలో ఒకరే సరి అని తేల్చడం ఇప్పుడు నావల్ల కావడం లేదు. 1947 చట్టం రాకపోతే నాకు గజ్జె కట్టేవారు. వచ్చింది కాబట్టి మా అమ్మకు పాట పోయింది. నేను ఆ రెంటికీ కూతుర్ని.

అమ్మ 2003లో పోయింది. చివరి రోజుల్లో ఆవిడ గురించి ఒకసారి అడిగింది, "ఎలా ఉందా పిల్ల?" అని. తనకన్నా నాలుగేళ్లే చిన్న మనిషిని పిల్ల అంది. జమాఖర్చు పుస్తకం సంగతి అప్పుడు చెప్పాను. "సంగీతం అని రాసుకున్నారా" అని కాసేపు ఊరుకుంది. "నిజంగా పాడించుకునేవారు" అంది. నాకు ఆ నలభై రూపాయలు అవమానంగా తోచాయి. ఆమెకు, తన పాట ఎక్కడో ఒకచోట రాసివుందన్నట్టు తోచింది. ఆ చదువు నాకు రాదు.

2016 చివర పాస్‌పోర్టు నిబంధనలు మారాయి. తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇస్తే చాలన్నారు. 2017లో నాది పునరుద్ధరించుకునేటప్పుడు అమ్మ పేరు ఒక్కటే రాశాను. అరవై ఐదేళ్ల వయసులో కాగితం మీద మామయ్య మళ్లీ మామయ్య అయ్యాడు.

ఇదంతా రాసి చూసుకుంటే ఒకటి మిగిలింది. ఈ వ్యాసంలో నేను ఆయన పేరు రాయలేదు. ఆవిడ నొచ్చుకుంటుంది, అమ్మ ఇచ్చిన మాట పోతుంది. అంతవరకూ బాగానే ఉంది. కాని అమ్మ పేరూ రాయలేకపోయాను. అమ్మ పేరు రాస్తే ఇండెక్సు తీసి ఎవరైనా ఆ సాక్షి సంతకం దాకా వెళ్లగలరు, నేను వెళ్లినట్టే. మా ఊరి పేరూ రాయలేదు, అమ్మమ్మ పేరూ రాయలేదు. ఎగ్మూరులో కనబడి నన్ను ఏడిపించిన ఆ పాతకాలపు పేరు కూడా రాయలేదు. ఒక మగవాడి పేరు కాపాడటానికి నాలుగు తరాల ఆడవాళ్ల పేర్లు నా చేతులతో నేనే తుడిచాను. ఇనాం గుమాస్తా కూడా మా వాళ్ల పేర్లు రాశాడు. చరిత్ర అధ్యాపకురాలిని, స్త్రీవాదిని, నేను రాయలేదు.

ఏం చేయాలో మీరు చెప్పండి. అమ్మ ఇచ్చిన మాట అమ్మది. అది నాకు వారసత్వంగా రావాలా?